మూడో ఆట తర్వాత

మా గోదాముకు వచ్చే చేపల పెట్టెల మీద ఇంగ్లీషులో ‘బెర్గెన్’ అని ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కోగలిగిన మనుషులందరూ దాన్ని బుర్గాన్ అనే చదివేవారు. కువైట్‌లో పనిచేసేవాడికి బుర్గాన్ తెలియకుండా ఉండదు. దక్షిణాన ఎడారిలో మంటలు ఎగదన్నే చమురు బావుల పేరు అది. సులైబియాలోని మా కోల్డ్ స్టోరేజీలో ఏళ్ళ తరబడి ఆ బావుల నుంచి వచ్చిన చేపలనే దించుతున్నామని అందరూ అనుకున్నారు. ఎవరికీ అందులో తిరకాసు కనబడలేదు.

కనిపెట్టినవాడు సిద్ధయ్య. చేరిన మొదటి రోజే పెట్టెను భుజం మీంచి దించి, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“బుర్గాన్ నేను సూసినా సామీ. వఫ్రాకు పొయ్యే దోవలో ఉండాది. ఆడ మంటలు, గొట్టాలు తప్ప నీళ్ళ చుక్క ల్యాదు. చేప యాడ్నుంచి వస్తాది?”

నేను నవ్వాను. క్యాంపులోకి వచ్చాక అదే మొదటిసారి నవ్వడం. అది బుర్గాన్ కాదని, బెర్గెన్ అనీ, నార్వే దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరనీ చెప్పాను. అక్కడ ఎప్పుడు చూసినా వాన కురుస్తుందన్నాను. అతను పెట్టెను ఒకసారి చేత్తో తడిమి, “వాన ఊరి చేపలు” అని తనలో తాను అనుకుంటూ వెళ్ళాడు.

నేను అక్కడ స్టోర్ కీపర్ని. మాది బందరు. చరిత్రలో ఎమ్మే చదివి, కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, తర్వాత ఇక్కడికి వచ్చాను కాబట్టి మనుషులు మాస్టారనీ సారనీ పిలుస్తారు. నా భార్య కామేశ్వరి ఉన్నన్నాళ్ళూ ఫహాహీల్‌లో కాపురం. ఆమె పోయిన నెలకు భవనం కాపలాదారు వచ్చి, పాపం తల దించుకునే, ఇది ఫ్యామిలీ బిల్డింగని, బ్యాచిలర్లను ఉంచుకోరని చెప్పాడు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. పెళ్ళాం పక్కన లేని ప్రతి మగవాడూ బ్యాచిలరే. ఊళ్ళో నలుగురు పిల్లలున్నవాడూ బ్యాచిలరే, నేనూ బ్యాచిలర్నే. అలా ఈ వయసులో బ్యాచిలర్నై, కంపెనీ క్యాంపులో చేరాను.

సిద్ధయ్యది రాయచోటి పక్క పల్లె. అంతకుముందు వఫ్రాలో గొర్రెలు కాసేవాడు. భార్య వెంకటేశ్వరి ఫహాహీల్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. ఒకే దేశంలో ఉండి కూడా ఇద్దరూ రెండేళ్ళపాటు ఫోన్లో తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సెలవిచ్చేవాడు కాదు, ఇచ్చినా వఫ్రా నుంచి రావడానికి బస్సు లేదు. వెంకటేశ్వరి యజమానురాలు మాత్రం మంచిది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆమెను బయటికి పంపేది. ఆ శుక్రవారాల కోసమే సిద్ధయ్య కాళ్ళావేళ్ళా పడి ఇఖామాను, అంటే ఇక్కడ ఉండే అనుమతిని, మా కంపెనీకి మార్పించుకున్నాడు. ఇక్కడి నుంచి రెండు బస్సులు మారితే ఫహాహీల్.

ఇప్పుడు అతనికి ఉన్న భయం ఒక్కటే. ఎవరితోనైనా కొట్లాట జరిగి పోలీసులు వస్తే, కొట్టినవాడి వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు. ఆ వేళ్ళతో మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టడం ఉండదు. పారిపోయినా అదే గతి. సిద్ధయ్య చెయ్యెత్తితే శుక్రవారాలు ఖలాస్.

ఆ సంగతి క్యాంపులో అందరికంటే బాగా తెలిసినవాడు బంగారయ్య. అతనూ ఆ జిల్లావాడే. గోదాములో ఫోర్‌మన్. మనిషి పొడుగు, మెడ లావు, మాట నిదానం. అతని బామ్మర్ది చాలా రోజులుగా ఊళ్ళో వీసా కోసం కాచుకుని ఉన్నాడు. సిద్ధయ్య వచ్చి చేరిన చోటు ఆ బామ్మర్ది కోసం అట్టేపెట్టుకున్నది. సిద్ధయ్య ఒక్క దెబ్బ తిరిగి కొడితే, లేక గోడ దూకి పోతే, ఆ చోటు మళ్ళీ ఖాళీ అవుతుంది.

కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ‘సలాం’ చెప్పించడం క్యాంపులో ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. మిగతావాళ్ళకు అది ఒక పొగతోనో ఒక తన్నుతోనో ముగిసేది. సిద్ధయ్యకు అలా జరగదని మొదటి రోజే అర్థమైంది.

నగరంలో ఒక భవనం తగలబడి మనుషులు పోయాక, కంపెనీవాళ్ళు మా గదుల్లో స్టవ్‌లన్నీ తీసేయించారు. వెనక రేకుల షెడ్డు ఒక్కటే వంటకు మిగిలింది. మత్‌బఖ్ అంటారు దాన్ని. అగ్గి ఎక్కడుందో మనుషులంతా అక్కడే చేరతారు. దాని తాళం బంగారయ్య నడుముకు వేలాడేది.

ఆ సాయంత్రం నేను అన్నం వార్చుకుంటున్నాను. షెడ్డులో స్పీకరు ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేంత పెరిగింది. పాత మనుషులు గిన్నెలు పక్కకు జరుపుకున్నారు. ఇద్దరు సిద్ధయ్యను మెడ పట్టుకుని పొయ్యి ముందుకు తెచ్చారు. సిద్ధయ్య పెనుగులాడలేదు. భుజం మీది తువ్వాలు తీసి తన రెండు మణికట్లకూ తానే చుట్టుకుని, కొసను పళ్ళతో బిగించుకున్నాడు. చెయ్యి తనంతట తాను లేస్తుందేమోనని అతని భయం.

నిప్పుల మీద గుప్పెడు ఎండుమిరపకాయలు వేశారు. తల మీద తడి గోనె కప్పి, వెన్నులో మోకాలు పెట్టి వంచారు. బంగారయ్య గొంతుకూర్చుని ప్రశ్నలు అడిగాడు. నాయన పేరేంది, ఊరేంది, పెండ్లాం పేరేంది. జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి, తెరిస్తే పొగ. పెళ్ళాం పేరు మూడుసార్లు చెప్పించాడు. మూడోసారికి గోనె లోపలి నుంచి మాట రాలేదు, గొర్రెను కోసేటప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. వాంతి నిప్పుల మీద పడి చుయ్యిమంది. బంగారయ్య లేచి మడమతో అతని మెడను ఇంకొంచెం కిందికి తొక్కాడు. నుదురు పొయ్యి రాయికి కొట్టుకుని చిట్లింది.

నేను వద్దని అరుస్తున్నాను. పాట హోరులో నా మాట నాకే వినబడలేదు. గోనె పట్టుకున్నవాళ్ళలో ఈశ్వరయ్య అనే పెద్దాయన ఉన్నాడు. వచ్చిన ఏడాది అదే పొగకు అతని ఎడమ కన్ను సగం పోయింది. అతను మొహం పక్కకు తిప్పుకుని ఉన్నాడు గానీ, అతని వేళ్ళు గోనె అంచును కొద్దిగా పైకెత్తి పట్టుకున్నాయి, గాలి పోయేంత. బంగారయ్యకు అది కనబడలేదు. నేను చూశాను. సిద్ధయ్య ఆ సందులోంచే బతికాడు.

ఆ పొగను నేను అంతకుముందే ఒక పుస్తకంలో చదివి ఉన్నాను. చేపలు పంపే కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి తమ ఊరి చరిత్ర మీద ఒక బొమ్మల పుస్తకం పంపితే, మేనేజరు దాన్ని నాకు ఇచ్చేశాడు. మర్నాడు సాయంత్రం సంగటి ఉడుకుతుండగా నేను ఆ కథ ఎత్తుకున్నాను. చెబితే సిగ్గుపడతారేమోనని నా ఆశ.

బెర్గెన్ చుట్టూ కొండలు, ముందు రేవు. రేవు ఒడ్డున వరసగా చెక్క ఇళ్ళు. పూర్వం ఉత్తరాది సముద్రంలో పట్టిన చేపను ఉప్పు కూడా లేకుండా చలిగాలికి కట్టెలా ఎండబెట్టి, పడవల్లో ఆ రేవుకు తెచ్చేవారు. జర్మనీ నుంచి వచ్చిన వర్తకులు వాటిని కొని, బదులుగా ధాన్యం ఇచ్చేవారు. ఆ ధాన్యం రాకపోతే ఆ దేశంలో రొట్టె లేదు. ఆ వర్తకుల కింద పనిచేసే గుమాస్తాలూ కూలీలూ అందరూ పరాయి దేశంవాళ్ళు. వాళ్ళక్కడ పెళ్ళి చేసుకోకూడదు, ఆడదాన్ని తేకూడదు.

“బ్యాచిలర్ క్యాంపు అన్నట్టు” అన్నాడు తౌఫిక్. అతను మా ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, హైదరాబాదు పాతబస్తీ మనిషి.

చెక్క ఇళ్ళు కాబట్టి గదుల్లో నిప్పు పెట్టుకోవడం నిషేధమని, ఆ చలిలో దీపం కూడా ఉండేది కాదని, వెనకాల ఒక్క వంటశాలలోనే అగ్గి రాజేసుకుని అందరూ అక్కడే తిని అక్కడే వెచ్చబడేవారనీ చెప్పాను. ఇంత చేసినా ఆ ఊరు పదేపదే తగలబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో మందుగుండు ఓడ ఒకటి రేవులోనే పేలి, దాని లంగరు కొండ మీదికి ఎగిరిపడింది. ఇప్పుడు ఆ ఊరికి సముద్రం కింది చమురు, పంజరాల్లో పెంచే చేపలు జీవనాధారం. వింటున్నవాళ్ళు చమురు మాట వచ్చేసరికి సిద్ధయ్య వైపు చూసి నవ్వారు. బుర్గాన్ అన్నది మరీ తప్పు కాదన్నమాట.

అప్పుడు ఆటల సంగతి చెప్పాను. కొత్తగా వచ్చినవాడికి ఆ వంటశాలలో మూడు ఆటలు. మొదటిది పొగ. కంపు కొట్టేవన్నీ తగలబెట్టి, మనిషిని పొగగూట్లోకి తాడుతో లాగి ప్రశ్నలు అడిగేవారు. రెండోది నీళ్ళు. రేవులోకి విసిరి, పైకి ఎక్కబోయినప్పుడల్లా కొట్టేవారు. మూడోది చెట్టుకొమ్మలతో ఒక గది కట్టి, దానికి స్వర్గమని పేరు పెట్టి, లోపలికి తోసి నెత్తురు కారేదాకా కొరడాలతో బాదేవారు. అరుపులు వీధిలోకి వినబడకుండా బయట డప్పులు వాయించేవారు.

ఎవరూ సిగ్గుపడలేదు. ఒకరిద్దరు స్పీకరు వైపు చూశారు, అంతే. బంగారయ్య మొహం మాత్రం వెలిగింది.

“ఇన్నారా? దొరలు గూడా చేసినారంట. మన ఆనవాయితీ ఊరికే పుట్టింది కాదప్పా” అన్నాడు. స్వర్గమన్న పేరు అతనికి మహా నచ్చింది. గోదాములో చేపను గంటల్లో రాయిలా గడ్డ కట్టించే గది ఒకటుంది, బ్లాస్ట్ ఫ్రీజర్. దాన్ని ఇకనుంచి స్వర్గమని పిలవాలన్నాడు. ఎవరిని పంపబోతాడో ఎవరూ అడగలేదు.

సిద్ధయ్య కళ్ళు వాచి సన్నటి గీతల్లా ఉన్నాయి. గోడకు ఆనుకుని, ఆ గీతల్లోంచి నా వైపు చూస్తూ అడిగాడు.

“మూడో ఆట అయిపోయినాక ఏం చేస్తారు సామీ?”

పుస్తకంలో ఆ పేరా డప్పులతో ముగుస్తుంది. తర్వాతి పేజీలో వాన గురించి ఉంది. నేను అతని నుదుటి మీద ఆరిన నెత్తుటిని చూశాను. తల ఎత్తి బంగారయ్యను చూశాను.

“అన్నం పెడతారు” అన్నాను.

నేను కల్పించుకుంటూ పోయాను. మూడు ఆటలు దాటినవాణ్ణి వంటశాలలో అగ్గి పక్కన కూర్చోబెట్టాలి. అందరికంటే ఎక్కువ కొట్టినవాడు తన చేత్తో వడ్డించాలి. ఆ అన్నం తిన్నవాడు ఆ ఇంటివాడైపోతాడు, వాడి మీద మళ్ళీ ఎవరూ చెయ్యి వేయకూడదు. వేస్తే, వేసినవాణ్ణే ఓడ ఎక్కించి పంపేస్తారు. అది అక్కడి కట్టుబాటు అన్నాను.

“మాస్టర్ సాబ్, గా వాన ఊళ్ళె బియ్యం పండుతయా?” అన్నాడు తౌఫిక్. అతనికి అనుమానం వచ్చింది.

“రొట్టే అనుకో, చేపల పులుసు అనుకో. పెట్టడం ముఖ్యం.”

“మంచి కట్టుబాటే” అన్నాడు బంగారయ్య. అంతమంది ముందు అన్నాడు. సిద్ధయ్య నేలచూపుతో వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

ఆ వారంలోనే రెండోది జరిగింది. జనవరి పొద్దు, ఎడారి గాలి ముళ్ళలా గుచ్చుతోంది. లారీలు కడిగే చోట నీళ్ళ గొట్టం విప్పి సిద్ధయ్య గుండెల మీద పట్టారు. పడిపోయాడు. లేవబోతే బంగారయ్య పెట్టెల అడుగుచెక్కతో డొక్కలో కొట్టాడు. లేచిన ప్రతిసారీ అదే. చెక్కలో మేకు ఒకటి ఉంది. కడిగిన సిమెంటు మీద నెత్తురు గులాబి రంగు నీళ్ళై కాలువలోకి పోయింది. తువ్వాలు చుట్టుకున్న చేతుల్ని కడుపులో దాచుకుని అతను ముడుచుకుపోయాడు. స్పీకరు గోదాము గుమ్మంలోకి తెచ్చి పెట్టారు. నేను మేనేజరు దగ్గరికి పరుగెత్తి చెబితే, మీ తెలుగువాళ్ళ గొడవలు మీరే చూసుకోండి, నేను పోలీసులను పిలిస్తే అందరూ పోతారు అన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి తౌఫిక్ బండి తాళంచెవి కోసం వచ్చినట్టు వచ్చి, వెళ్తూ వెళ్తూ నీళ్ళ మోటారు ఆపేసి ఉన్నాడు. కరెంటు పోయిందనుకుని నవ్వుకుంటూ వాళ్ళు చెదిరిపోయారు.

సిద్ధయ్యకు నేను పొడి బట్టలు కట్టాను. పక్కటెముక ఒకటి చేతికి తగిలి కదిలింది. పళ్ళు టకటకలాడుతుండగా అతను అడిగింది ఒక్కటే.

“ఇంగొకటే కదా సామీ? అది గూడా అయిపోతే, మల్ల ఎవురూ చెయ్యెయ్యరు కదా?”

నేను కల్పించానని అప్పుడే చెప్పి ఉండవలసింది. కానీ ఆ మాట ఒక్కటే అతని ఒంట్లో వెచ్చగా ఉంది. తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు. తొందరపడవద్దని, మేనేజరుపైన ఇంకెవరికైనా చెబుదామని, నాలుగు రోజులు ఓపిక పట్టమని అన్నాను. తల ఊపాడు.

గురువారం పని అయిపోయే వేళకు అతను తనంతట తాను బంగారయ్య ముందుకు వెళ్ళి నిలబడ్డాడట.

“అన్నా, మూడోది ఈ పొద్దే కానిచ్చేయ్. రేపు మా ఆడమనిషిని సూడను పోవల్ల. మూడూ అయిపోయి పోతే మనసు నిమ్మళంగా ఉంటాది.”

ఈ సంగతి తర్వాత ఈశ్వరయ్య చెప్పాడు. నేనప్పుడు ఆఫీసు గదిలో ఉన్నాను. స్పీకరు మోత వినబడింది, మామూలు కంటే దగ్గరగా. బయటికి వచ్చి చూస్తే ఫ్రీజర్ గది ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. ఆ తలుపుకు లోపలివైపు ఒక ఎర్ర గుబ్బ ఉంటుంది, పొరపాటున ఎవరైనా చిక్కుకుంటే నెట్టుకుని బయటికి రావడానికి. బయట పిడికి గొలుసు చుట్టి తాళం వేశారు. గుబ్బను లోపలి నుంచి గుద్దుతున్నట్టు పిడి ఎగిరెగిరి పడుతోంది. సిద్ధయ్య కోటూ గ్లౌజులూ టోపీ బంగారయ్య కాళ్ళ దగ్గర నేల మీద ఉన్నాయి.

తలుపు తీయమని బంగారయ్యను అడిగాను. ఆట మధ్యలో ఆపడం మీ బెర్గెన్‌లో ఉందా సారూ అన్నాడు. పుస్తకంలో మూడో ఆటకు చలి లేదన్నాను. ఇది కువైట్ అన్నాడు. నేను గొలుసు మీద చెయ్యి వేశాను. అతను నా మొహం మీద కొట్టాడు. కళ్ళజోడు విరిగి గాజు కనుబొమలో దిగింది. ముక్కులోంచి నెత్తురు చొక్కా మీద కారుతుంటే మళ్ళీ లేచి గొలుసు పట్టుకున్నాను. ఈసారి బూటుకాలితో నా మోచేతిని తలుపుకేసి నొక్కాడు. లోపల గుద్దుడు నెమ్మదించింది. కాసేపటికి పిడి కదలడం మానేసింది. పాట మాత్రం సాగుతూనే ఉంది.

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరూ నవ్వడం లేదు.

వెనకనుంచి హారన్ వినబడింది. తౌఫిక్ ఫోర్క్‌లిఫ్ట్‌ను నేరుగా మనుషుల మధ్యకు తోలుకొచ్చాడు. “జరుగుండ్రి, నాకు బ్రేకులు సరిగ లేవు” అన్నాడు, ఎప్పుడూ అనే మాట అన్నంత మామూలుగా. బంగారయ్య ఎగిరి పక్కకు దూకాడు. బండి ముందరి ఇనప కొమ్ముల్లో ఒకటి గొలుసు కిందికి పోయింది. తౌఫిక్ మీట లాగాడు. గొలుసు తెగి, కొస వచ్చి ఒకడి చెంప చీల్చింది. తలుపు సగం ఊడి వేలాడింది.

సిద్ధయ్య తలుపుకు ఆనుకునే ఉన్నాడు. తలుపుతో పాటు బయటికి పడ్డాడు. మీసాలూ కనురెప్పలూ తెల్లబడ్డాయి. ఎడమ చేతికి తువ్వాలు చుట్టి ఉంది. కుడి చేత్తో గుబ్బను నెడుతూ ఉండిపోయాడు కాబట్టి ఆ అరచెయ్యి ఇనుముకు అంటుకుంది. లాగితే చర్మం గుబ్బ మీదే మిగిలింది. వేళ్ళు మైనంలా ఉన్నాయి.

మత్‌బఖ్‌కు మోసుకెళ్ళాం. ఈశ్వరయ్య ఎవరినీ అడగకుండా గోరువెచ్చని నీళ్ళు గిన్నెలో పోసి ఆ చేతుల్ని అందులో ముంచాడు. నెత్తురు కదిలాక వచ్చిన నొప్పికి సిద్ధయ్య మెలికలు తిరిగిపోయాడు. నలుగురు పట్టుకోవలసి వచ్చింది. ఎవరో స్పీకరు తీగ పీకేశారు. ఈసారి అరుపంతా అందరికీ వినబడింది.

అది తగ్గాక అతను కళ్ళు తెరిచి బంగారయ్య కోసం వెతికాడు. గుమ్మం దగ్గర ఉన్నాడు.

“మూడూ అయిపాయె గదన్నా” అన్నాడు. “పెట్టు.”

బంగారయ్యకు అర్థం కాలేదు. తర్వాత అర్థమై నవ్వాడు. ఎవరో కంచంలో సంగటి వేసి అతని ముందు పెట్టారు. వడ్డించమన్నట్టు. అతను దాన్ని కాలితో తన్నాడు. కంచం గోడకు తగిలి గిర్రున తిరిగి ఆగింది.

ఈశ్వరయ్య లేచాడు. సగం చూపు కంటిని వేలితో చూపించాడు.

“నాకూ పెట్టల్యా బంగారూ. ఇంతమందికి పొగ పెట్టినావు, ఒగనికన్నా పెట్టినావా?”

“వాని మాట పట్టుకుని మీరు గూడానా? ఆ సారు పుస్తకమంతా అబద్ధమేమో ఎవునికి తెల్సు?”

అందరూ నా వైపు తిరిగారు. నా కనుబొమలోంచి నెత్తురు కంట్లోకి కారుతోంది.

“రాసి ఉంది” అన్నాను.

మొదటి దెబ్బ ఈశ్వరయ్యదే. అట్లకాడ బంగారయ్య నోటి మీద పడింది, పళ్ళు రెండు నేల మీద రాలాయి. ఆ తర్వాత ఎవరు కొట్టారో చెప్పలేను. ఏళ్ళ తరబడి మింగిన పొగంతా ఒక్కసారి బయటికి వచ్చింది. గిన్నెలతో కొట్టారు, కట్టెలతో కొట్టారు, కింద పడ్డాక కాళ్ళతో తొక్కారు. చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి విరిచారు. ఎముక విరిగిన చప్పుడు ఎండు కొమ్మ విరిచినట్టు వినబడింది. నిన్నటిదాకా అతని పక్కన గోనె పట్టుకున్నవాళ్ళే అందరికంటే ఎక్కువ కొట్టారు. నేను మధ్యలోకి పోతే నన్ను పక్కకు ఎత్తి పెట్టారు, జాగ్రత్తగానే, గాజుబుడ్డిని పెట్టినట్టు. తర్వాత అతని కాళ్ళు పట్టుకుని గోదాములోకి ఈడ్చారు. వెనక సిమెంటు మీద నెత్తుటి చార. ఫ్రీజరు తలుపు వేలాడుతున్నా లోపల పక్కనే ఇంకో చల్లగది ఉంది, దాని తలుపు గట్టిది. వీణ్ణి స్వర్గానికి పంపుదామని ఎవరో అన్నారు.

ఆ గది గడప మీద సిద్ధయ్య కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు లేచాడో, డొక్క పట్టుకుని ఎలా నడిచాడో నాకు తెలియదు. రెండు చేతులూ గాలిలో ఎత్తి పట్టుకున్నాడు, దేనికీ తగలకుండా. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“జరుగు సిద్ధా.”

“జరగను.”

“నిన్ను సంపబోయినాడు వీడు.”

“వీడు సస్తే పోలీసొస్తాది. అందర్నీ ఎక్కిస్తారు” అన్నాడు సిద్ధయ్య. దమ్ము అందక ఆగి, మళ్ళీ అన్నాడు. “రేపు శుక్రారం.”

అంతే అన్నాడు. క్షమించమని అనలేదు, పాపమని అనలేదు. రేపు శుక్రవారమని మాత్రం అన్నాడు. ఆ మాట విన్నాక ఒకడు బంగారయ్య కాలు వదిలేశాడు. ఇంకొకడూ వదిలేశాడు.

బంగారయ్యను తిరిగి మత్‌బఖ్‌కు తెచ్చి, సిద్ధయ్య ఎదుట కూర్చోబెట్టారు. విరగని చేతికి గరిటె ఇచ్చారు. అతను సంగటి ముద్ద కంచంలో వేశాడు, పెదవి నుంచి నెత్తురు చుక్క కంచం అంచున పడితే మోచేత్తో తుడిచాడు. సిద్ధయ్య చేతులు ముద్ద తుంచలేవు. అందరూ చూస్తూ ఉన్నారు. బంగారయ్య ముద్ద తుంచి, చట్నీలో అద్ది, అతని నోటి దాకా తీసుకెళ్ళాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సిద్ధయ్య నాలుగు ముద్దలు తిని చాలన్నాడు.

ఆ రాత్రి ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, గ్లౌజులు మరిచిపోయి లోపలికి పోయానన్నాడు. బంగారయ్య లారీ మీంచి పడ్డానన్నాడు. ఇద్దరి మంచాలూ పక్కపక్కనే వేశారు. కుడి చేతి వేళ్ళలో రెండు పోతాయని డాక్టరు చెప్పాడు. తువ్వాలు చుట్టి ఉన్న ఎడమ చెయ్యి దక్కింది గానీ, దానికీ కట్టు కట్టారు.

శుక్రవారం నేనూ వెంట వెళ్ళాను, బస్సులో కమ్మీ పట్టుకునే చేతులు అతనికి లేవు కాబట్టి. ఫహాహీల్‌లో సముద్రం గట్టు మీద వెంకటేశ్వరి టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె మామా అని పిలిచే యజమానురాలు ఇచ్చి పంపిన కోడి అన్నం. దూరం నుంచే ఆ కట్లు చూసింది. లేవలేదు, ఏడవలేదు. దగ్గరికి వచ్చాక అతని మోచేతులు పట్టుకుని కూర్చోబెట్టి, కట్టును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“ఏం కాల్యా” అన్నాడు సిద్ధయ్య. ఆ ముందురోజు ఫోన్లోనే ఆమెకు అన్నీ చెప్పాడట. ఇక ఎవరూ చెయ్యి వేయరని, అది బెర్గెన్ కట్టుబాటని, బంగారయ్య తన చేత్తో తినిపించాడని గర్వంగా చెప్పాడట. ఇప్పుడు మళ్ళీ నా ముందు చెప్పాడు, నేను సాక్షినన్నట్టు.

ఆమె అతనికి ముద్దలు పెట్టింది. అతను తింటున్నంతసేపూ నా కనుబొమ మీది కుట్లను చూస్తూ ఉంది. తర్వాత మూత మీద నాకూ ఇంత పెట్టి ఇచ్చింది. ఫహాహీల్‌లో ఒకరు నాకు అన్నం పెట్టి చాలా రోజులైంది.

“సారూ” అంది, “ఆ ఊర్లో నిజంగానే అన్నం పెడతారా?”

“పెడతారమ్మా.”

ఆమె చేతి వేళ్ళకు అంటిన మెతుకుల్ని ఒక్కొక్కటీ దులుపుకుంది.

“కొట్టకముందే పెట్టే ఊరు ఒగటి గూడా ల్యాదా సారూ, మీ పుస్తకంలో?”

సముద్రం మీద ఒక ఓడ అహ్మదీ రేవు వైపు మెల్లగా పోతోంది. వెతుకుతానని చెప్పి, మూత మీది అన్నం చివరి మెతుకు దాకా తిన్నాను.